ఎనిమిదో నంబరు

పిలుపు ఫోన్‌లనే వచ్చింది.
"పూర్వ విద్యార్థులారా, ఒక్క పూట మా పిల్లలకియ్యండి."
పూర్వ అన్న మాట కాడ కొద్దిసేపు ఆగిన.
నాకింకా నలభై ఒకటే,
అప్పుడే పూర్వీకులల్ల కలిపిన్రా అనుకున్న.

హన్మకొండల దిగి నడుచుకుంటనే పోయిన.
కెమిస్ట్రీ బిల్డింగు ఎనక మా సైకిల్ స్టాండు
ఇప్పుడు ప్లేస్‌మెంట్ సెల్ అయ్యింది.
నా సైకిలు మూడుసార్లు పంచరైన జాగల
అద్దం తలుపు, ఏసీ, ప్లాస్టిక్ పూలు.

చేతికొక ఫారమిచ్చిన్రు.
మీరు మీ విద్యాలయానికి ఏమివ్వగలరు?
విరాళమా, ఉపన్యాసమా,
మీ కంపెనీల శిక్షణకు సీట్లా?
గళ్ళు చక్కగ గీసి ఉన్నయి.
నేను పెన్ను మూత తీసిన, మళ్ళ పెట్టిన.

ఆ గళ్ళల్ల పట్టనిదొకటి యాదికొచ్చింది.
హాస్టల్ మొత్తానికి
ఇంటర్వ్యూకు పోయే బూట్లు ఒక్క జతే ఉండేవి.
సారంగపాణన్న చౌరస్తాల కొన్నడు,
ఎనిమిదో నంబరు, నల్లయి.
నాది ఆరు.
ఎనుమాముల మార్కెట్ రోడ్డు మీద
లారీల నుంచి రాలిన పత్తి ఏరుకొచ్చి
ముందట కుక్కి తొడిగిండన్న.
"గట్టిగ నడువకు, నింపాదిగ నడువు,
చూసేటోళ్ళు వినయమనుకుంటరు" అన్నడు.
నిజంగనే అనుకున్నరు.
నౌకరి ఇచ్చిన్రు.
బూట్లు తెచ్చి మొండయ్యకిచ్చిన,
పత్తి తీసి. వాని కాలు నిండుగ ఉండె.

ఇయ్యాల నేను బల్లకు ఇవతల కూసున్న.
ఉత్తుత్తి ఇంటర్వ్యూ,
గాని ఎదురుంగ కూసున్న పిల్ల చెమట ఉత్తుత్తిది కాదు.
ఈసం సారక్క, ఎమ్మెస్సీ, తాడ్వాయి దిక్కు.
"మీ గురించి చెప్పండి" అని
ఇంగ్లీషుల అడిగిన, అట్లనే అడుగమన్నరు.
కాయితం మీదున్న మాటలు
ఒక్కటొక్కటే బయటికొచ్చి నిలబడ్డయి,
ఒకదాన్నొకటి ఎరుగనోళ్ళ లెక్క.
తర్వాత అవి కూడ ఆగినయి.

నేను తెలుగుల అడిగిన:
"బిడ్డా, పొద్దున ఎన్నింటికి బయలెల్లినవ్?"
"నాలుగున్నరకు సార్. సీసాలు కూడ తెచ్చిన."
"సీసాలేంది?"
"జంపన్నవాగు నీళ్ళు సార్.
జాతరకు ముందటియి, జాతర తర్వాతియి.
రెండేండ్ల నుంచి పట్టి పరీక్ష చేస్తున్న.
ఎవలు చెయ్యమనలే."

ఇరవై నిమిషాలు మాట్లాడింది.
బెల్లు కొట్టిన్రు, నేను చూడలే.
పదహారేండ్ల సంది కరెంటు ప్లాంటు ల్యాబుల
నేను చూసిన నీళ్ళన్నీ పైపులల్ల వచ్చినయే.
ఒక్క సీసా వాగుకాడికి పోయి నింపలే.
ఎవరిని ఎవరు ఇంటర్వ్యూ చేస్తున్నరో
నాకు కొంచెం గలీజైంది లెక్క.

ఫారం అట్లనే వాపసిస్తే బాగుండదని
అడుగున ఖాళీ జాగల రాసిన:
రెండో శనివారం వస్త. మా ల్యాబు తలుపు తీసి ఉంటది.
పైసలు తక్కువనే ఇయ్యగలను.
బూట్ల నంబరు అడిగి పెట్టుకోండి.
చివరి ముక్క చదివి మేడమ్ నవ్వింది,
అర్థమై నవ్విందో లేదో.
శాలువా కప్పిన్రు. ఎండకాలం.

భూపాలపల్లి బస్సెక్కిన.
గూడెప్పాడు కాడ వాళ్ళ తొవ్వ ములుగు దిక్కు,
నా తొవ్వ పరకాల దిక్కు చీలంగ
ఫోన్ మోగింది.
"సార్, నేను సారక్కను.
జీతం ఎంత కావాల్నంటే ఏం చెప్పాలె?"

కిటికీల నుంచి పత్తిచేలు పోతున్నయి.
నన్నెవరూ అడుగలే ఆ మాట.
ఇచ్చింది తీసుకున్న, దండం పెట్టిన.
"పది నిమిషాలల్ల చెప్త బిడ్డా" అన్న.

సారంగపాణన్నకు కలిపిన.
ఆరేండ్లయింది మాట్లాడక.
రింగైతున్నది.